నీటి తెర వెనక్కి వెళ్ళాలంటే: ఓరుగల్లు చుట్టుపక్కల జలపాతాలకు వానాకాలం మార్గదర్శి

జలపాతాన్ని ఎదురుగా నిలబడి చూడటం ఒక ఎత్తు, పడుతున్న నీళ్ళకూ కొండకూ మధ్య నిలబడి చూడటం మరో ఎత్తు. ఐస్‌లాండ్‌లోని సెల్యాలాండ్స్‌ఫాస్ అనే 60 మీటర్ల జలపాతానికి వెనక నుంచే కాలిబాట ఉంది. నయాగరాలో కెనడా వైపున కొండను తొలిచి సొరంగాలు వేసి, ధార వెనక్కి జనాన్ని తీసుకెళ్తారు. ఆ వీడియోలు చూసి హనుమకొండ నుంచి బండి తీసేవాళ్ళకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దగ్గర అలా రెయిలింగ్ కట్టి, టికెట్ ఇచ్చి పంపే దారిని ఆశించకండి. ఇక్కడ దారిని నీళ్ళు నిర్ణయిస్తాయి. మొన్న నడిచి వెళ్ళిన చోట ఇవాళ కాలు పెట్టలేకపోవచ్చు. కాబట్టి ఎలా నడవాలన్నది తర్వాతి సంగతి, ఏ రోజు వెళ్ళాలి, ఏ రోజు బయటే ఆగిపోవాలి అన్నది ముందు తెలియాలి.

ముందు ఎక్కడికో తేల్చుకోండి

వరంగల్ నుంచి ఒక్క రోజులో వెళ్ళిరావడానికి రెండు చోట్లు అనువుగా ఉంటాయి. మొదటిది మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీముని పాదం. సుమారు 55 కిలోమీటర్లు. నర్సంపేట దాటి గూడూరు రోడ్డులో వెళ్తూ, భూపతిపేటలో ఎవరిని అడిగినా కొమ్ములవంచ, సీతానగరం వైపు దారి చూపిస్తారు. దాదాపు 70 అడుగుల పైనుంచి నీళ్ళు దూకుతాయి. భీముడు అడుగు వేసిన చోటని పేరు. పక్కన ఉన్న గుహలో ఒకప్పుడు యాదవరాజు ఇద్దరు భార్యలతో ఉండేవాడని కూడా చెప్పుకుంటారు. ఆ గుహ ఎంత లోతు పోతుందో చూద్దామని టార్చిలైటు పట్టుకుని దూరే సాహసం మాత్రం వద్దు.

రెండోది బొగత. ములుగు జిల్లా వాజేడు మండలం చీకుపల్లి దగ్గర ఉంది, సుమారు 130 కిలోమీటర్లు. ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా వెళ్ళి, ముళ్ళకట్ట దగ్గర గోదావరి వంతెన దాటాలి. బొగత వెడల్పు జలపాతం, ఎత్తు ముప్పై అడుగులే. దాని అందమంతా ముందు నుంచే. నీళ్ళు గట్టిగా ఉన్నప్పుడు అటవీ శాఖ వాళ్ళు మడుగులోకే దిగనివ్వరు, ఇక వెనక్కి వెళ్ళే ఆలోచన ఎందుకు? పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబాలకు మాత్రం బొగతే మేలు. మెట్లు, కంచె, నిలబడి చూసే చోటు అన్నీ ఉన్నాయి.

ఆదిలాబాద్ వైపు వెళ్ళేవాళ్ళకు కుంటాల, పొచ్చెర ఉన్నాయి. నేరడిగొండ మండలంలోని కుంటాలలో కడెం వాగు 45 మీటర్ల నుంచి పడుతుంది. అక్కడ బండల మధ్య గుహలో సోమేశ్వరుడున్నాడు, శివరాత్రికి జాతర జరుగుతుంది. అది చూసి వానాకాలంలో కూడా ధార దగ్గరికి పోవచ్చనుకోకండి. కుంటాల గుండాల్లో పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. పైనుంచి చూసి, మెట్లు దిగి చూసి, కంచె దగ్గర ఆగండి. ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతం అయితే దట్టమైన అడవి లోపల ఉంటుంది. 2023 జులైలో అక్కడికి వెళ్ళిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగి చిక్కుకుపోతే, సహాయక బృందాలు రాత్రిపూట వెళ్ళి బయటికి తేవాల్సి వచ్చింది. అటవీ శాఖ అనుమతి లేకుండా అటు వెళ్ళకండి.

ధార వెనక చోటు ఎలా వస్తుంది

ఇది తెలిస్తే అక్కడికి వెళ్ళాక సగం నిర్ణయాలు మీరే తీసుకోగలుగుతారు.

పైన గట్టి రాతి పొర, కింద మెత్తటి పొర ఉన్నచోట నీళ్ళు పడీపడీ కింది పొరను తినేస్తాయి. మడుగులోంచి ఎగిరే తుంపర, సుడి తిరిగే గులకరాళ్ళు ఆ పని ఇంకా తొందరగా చేస్తాయి. పైపొర మాత్రం చూరులా ముందుకు పొడుచుకుని మిగిలిపోతుంది. గోదావరి లోయ అంచుల్లో ఇసుకరాయి, పలకరాయి పొరలు పేర్చినట్టు ఉన్న చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇలాంటి చూర్లు మన అడవుల్లో కనిపిస్తుంటాయి. ఆ చూరు కింది చోటే మనం వెనక్కి వెళ్ళే దారి. ఏదో ఒకనాడు ఆ చూరు కూడా బరువు ఆగలేక విరిగి పడుతుంది. జలపాతాలు వెనక్కి జరిగేది అలాగే. కింద కొత్తగా పగిలిన, పాచి పట్టని, అంచులు పదునుగా ఉన్న బండలు కనిపిస్తే అవి ఈమధ్యే పైనుంచి పడ్డాయని అర్థం. ఆ చూరు కింద నిలబడకూడదు.

రెండో సంగతి నీటి వేగం. 20 మీటర్ల ఎత్తు నుంచి పడే నీటికి కింద చేరడానికి రెండు సెకన్లు పడుతుంది. అంచు దగ్గర నీళ్ళు సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తుంటే, కొండ పాదానికి నాలుగు మీటర్ల దూరంలో పడతాయి. వేగం అర మీటరుకు తగ్గితే ఒక్క మీటరు దూరంలోనే పడతాయి. ఇంకా తగ్గితే దూకడం మానేసి కొండను అంటుకుని జారతాయి, అప్పుడు వెనక చోటే ఉండదు. అంటే నీళ్ళు బాగా ఉన్నప్పుడే వెనక చోటు ఎక్కువ. అక్కడే తిరకాసు. చోటు బాగా దొరికే రోజుకూ ప్రమాదం బాగా ఉన్న రోజుకూ మధ్య తేడా కొద్ది గంటలే. నిన్న కుంభవృష్టి కురిసింది కదా, ఇవాళ అదిరిపోతుందని బయల్దేరేవాళ్ళు ఆ తేడానే మర్చిపోతారు.

ఏ రోజు వెళ్ళాలి

జూన్‌లో తొలకరి పడగానే పరిగెత్తకండి. ఎండిన అడవి ముందు తను తాగుతుంది. వాగులు నిలకడగా పారేది జులై నుంచి. జులై రెండో సగం నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. అందులోనూ సెప్టెంబరు నాకు ఇష్టం. ముసురు తగ్గి, ఎండా వానా దోబూచులాడుతుంటాయి. నీళ్ళు తేటగా ఉంటాయి. చెరువులు మత్తడి దూకుతుంటాయి కాబట్టి వాన పడని రోజు కూడా వాగు ఆగదు.

నియమం సులువు: పెద్ద వాన ఆగిన రోజు వదిలేయండి, మర్నాడు కూడా వదిలేయండి, ఆ తర్వాతి రోజు వెళ్ళండి. నీళ్ళు ఎర్రదనం పోయి తేటపడాలి. భీముని పాదం లాంటి చిన్న వాగులు తొందరగా తగ్గుతాయి, అంతే తొందరగా పెరుగుతాయి కూడా. మీ నెత్తిమీద ఎండ కాస్తున్నా, ఎగువన గుట్ట మీద గంట సేపు గట్టిగా కురిస్తే చాలు, నీళ్ళు మీ దగ్గరికి చెప్పకుండా వస్తాయి.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మీరు వెళ్ళే జిల్లాకు ఆరెంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి, ఇందులో చర్చ అనవసరం. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. మామూలు రోజు మోకాలు లోతు లేని వాగు ఏం చేయగలదో అక్కడివాళ్ళు చూశారు.

ఫోన్‌లో వాతావరణం చూసుకున్నాక కూడా, చివరి ఊళ్ళో ఆగి అడగండి. బర్రెలు కాసే పెద్దాయనకు తెలిసినంత మీ యాప్‌కు తెలియదు.

“బాపూ, పైన వానేమన్న పడ్డదా?”

“రాత్రి గుట్ట మీద గుమ్మరిచ్చింది బిడ్డా. చూసి రా గని, లోపటికి పోకు.”

ఆ మాట విన్నాక ఇక లోపలికి పోయేది లేదు. చూసి రావడమే.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

చెప్పులు అన్నిటికంటే ముఖ్యం. హవాయి చెప్పులు, అడుగు అరిగిన స్పోర్ట్స్ షూ రెండూ వద్దు. వెనక పట్టీ ఉండి, మెత్తటి రబ్బరు అడుగుతో గాళ్ళు లోతుగా ఉన్న సాండల్స్ మంచివి. గంబూట్లలోకి నీళ్ళు పోతే కాలు ఎత్తలేరు. జీన్సు తడిస్తే బరువెక్కి మోకాలు వంగదు, తొందరగా ఆరే ట్రాక్ ప్యాంటు వేసుకోండి. చున్నీ, చీర కొంగు వేలాడకుండా బిగించి కట్టుకోవాలి. కళ్ళద్దాలకు తాడు కట్టుకోండి, తుంపరలో అవి జారాయంటే మడుగులో వెతకలేరు.

బ్యాగులో ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, ఫోన్‌కు నీళ్ళు పోని పౌచ్, బ్యాండేజీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. భుజం ఎత్తు ఉన్న గట్టి వెదురు కర్ర ఒకటి. లోతు చూడటానికీ, పాచి ఎంత ఉందో తడిమి చూడటానికీ అదే పనికొస్తుంది. నోట్లు కొన్ని జేబులో ఉంచుకోండి, తాడ్వాయి అడవి దాటేటప్పుడు సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఫోన్ పే అన్నిచోట్లా పని చేయదు. గాజు సీసాలు, మందు తీసుకెళ్ళకండి. సద్ది కట్టుకుపోతే పులిహోర, పెరుగన్నం చాలు. దారిలో కాల్చిన మక్క కంకులు ఎలాగూ దొరుకుతాయి. కోతుల కోసం కారు ఆపి బిస్కెట్లు వేయకండి. ఆ అలవాటు వల్లే అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

ఘాటైన సెంటు కొట్టుకోకండి. తడి కొండల చూర్ల కింద పెద్ద తేనె పట్లు ఉంటాయి. వాసన, పొగ, కేకలు ఆ తేనెటీగలకు నచ్చవు. పట్టు కనిపిస్తే ఆ చూరు వదిలేసి దూరంగా ఉండండి.

చేరాక, అరగంట ఊరికే చూడండి

పొద్దున ఆరింటికి బయల్దేరితే జనం రాకముందే చేరతారు. చేరగానే దిగకండి. మడుగుకు దూరంగా, ఎత్తు మీద కూర్చుని టీ తాగుతూ చూడండి. నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. సగం తడిసి సగం పొడిగా ఉన్న రాయి అయితే మంచిది. అరగంట తర్వాత అది మునిగితే నీళ్ళు పెరుగుతున్నట్టే, ఆ రోజుకు పని అయిపోయినట్టే.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. నీళ్ళు తెల్లగా పడుతున్నాయా, ఎర్రగానా? ఆకులు, పుల్లలు, నురగ ఒక్కసారిగా ఎక్కువయ్యాయా? శబ్దం మారిందా? ధార పలచగా ఉన్నప్పుడు చప్పుడు చిటపటలాడుతుంది, నీళ్ళు పెరిగేకొద్దీ బొంగురుపోతుంది. ఆ మార్పు చెవికి అందిన వెంటనే గట్టు ఎక్కాలి. ఎగువ నుంచి కొట్టుకొచ్చే కొమ్మ గానీ రాయి గానీ అంచు దాటి పడుతుందేమో కూడా గమనించండి. 20 మీటర్ల పైనుంచి పడే కోడిగుడ్డంత రాయి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. ధార కింద నెత్తి పెట్టి స్నానం చేసేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

తర్వాత వెనక చోటు చూడండి. పక్క నుంచి ధారకూ కొండకూ మధ్య వెలుగు కనిపించాలి. కనీసం రెండు మనిషి బారలంత సందు ఉండాలి. కింద నడవడానికి రాతి గట్టు లాంటిది ఉండాలి, మడుగులో ఈదుతూ వెళ్ళేదైతే వద్దు. లోపలికి వెళ్ళిన దారిలోనే బయటికి రావచ్చునా, అటు చివర నుంచి కూడా రావచ్చునా అన్నది చూసుకోండి. ఈ నాలుగింట్లో ఒక్కటి కుదరకపోయినా బయటి నుంచి చూసి రండి. కంచె, తాడు, హెచ్చరిక బోర్డు ఉన్నచోట ఈ పరీక్షలన్నీ అక్కర్లేదు, అక్కడే ఆగండి.

వెనక్కి నడవడం

పదేళ్ళ లోపు పిల్లల్ని బయటే ఉంచండి. వాళ్ళతో ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి పని పైకీ, నీటి అంచుకూ చూస్తూ ఉండటమే. లోపల మాట వినపడదు కాబట్టి సైగలు ముందే అనుకోండి. రెండు చేతులు పైకెత్తి ఊపితే బయటికి రావాలని, ఒక చెయ్యి పైకెత్తితే అంతా బాగుందని. విజిల్ ఉంటే ఇంకా మంచిది, సన్నటి చప్పుడు ఆ హోరులో కూడా కొంత వినిపిస్తుంది.

ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు మూడు అడుగులు ఖాళీ వదిలి వెళ్ళండి. చేతులు పట్టుకుని గొలుసులా వెళ్ళకండి, ఒకరు జారితే నలుగురూ జారతారు. కొండ వైపు చెయ్యి బండను తాకుతూ ఉండాలి, నీటి వైపు చేతిలో కర్ర. అడుగు ఎత్తి వేసేది ఉండదు, పాదం మొత్తం నేలను రాస్తూ జరపాలి. నల్లగా మెరిసే రాయి, పచ్చగా మెత్తగా కనిపించే రాయి రెండూ జారేవే. గరుకుగా, ఇసుక అంటినట్టు ఉన్నచోటే కాలు పెట్టండి. ఊగే రాయిని కర్రతో తట్టి చూసి గానీ బరువు వేయకండి. బండ సందుల్లో చేతివేళ్ళు దూర్చకండి, తడి చల్లదనానికి తేళ్ళూ పాములూ అక్కడే చేరతాయి.

తెర దగ్గరికి రాగానే గాలి మొహాన కొడుతుంది. పడే నీళ్ళు తమతో గాలిని ఈడ్చుకొస్తాయి, ఆ గాలి కొండకు తగిలి వెనక్కి మళ్ళుతుంది. తుంపర ముక్కులోకి పోయి ఊపిరి ఆడనట్టు అనిపిస్తే టెన్షన్ పడకండి, మొహం కొండ వైపు తిప్పి నోటితో మెల్లగా గాలి పీల్చండి. నాలుగడుగులు లోపలికి వెళ్తే ఆ విసురు తగ్గుతుంది. వీపు బండకు ఆనించి నిలబడితే అప్పుడు కనిపిస్తుంది: ధార ఒకే ముద్దగా పడటం లేదు, మధ్యమధ్యలో తెగి, తెగినచోట ఒక్క రెప్పపాటు అవతలి చెట్లు కనపడి మళ్ళీ మూసుకుపోతాయి. వీపుకు ఆనిన రాయి లోలోపల అదురుతూ ఉంటుంది. అదంతా చూడటానికి పది నిమిషాలు చాలు. ఒళ్ళు వణకడం మొదలైతే కాళ్ళు మాట వినవు, అంతకుముందే బయటపడండి. వచ్చేటప్పుడు తొందర ఎక్కువ, జారేది కూడా అప్పుడే.

మడుగు సంగతి వేరే చెప్పాలి. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ మోసపోతారు. ధార పడేచోట నీళ్ళు నురగతో తెల్లగా ఉంటాయి, అందులో సగం గాలే. గాలి కలిసిన నీళ్ళు మనిషిని తేల్చలేవు. పైగా అడుగుకు వెళ్ళిన నీళ్ళు కొంత దూరంలో పైకి లేచి మళ్ళీ ధార వైపే లాగుతాయి. ఎవరైనా పడితే వెంట దూకకండి. కర్ర చాపండి, తాడు గానీ గట్టిగా మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా గానీ విసరండి, 112కు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు వెంటనే ఊరి వైపు పరిగెత్తాలి. ఎక్కడ సిగ్నల్ పోయిందో వచ్చేటప్పుడే గుర్తుపెట్టుకుంటే ఆ పరుగు ఎంత దూరమో తెలుస్తుంది.

ఫొటోలు

తడి వేళ్ళకు టచ్ పని చేయదు, వాల్యూమ్ బటన్‌తో క్లిక్ కొట్టండి. వెనక నుంచి తీసేటప్పుడు బయట వెలుగు ఎక్కువ, లోపల చీకటి. వెలుగున్న చోట నొక్కి ఫోకస్ పెడితే నీటి తెర బాగా వస్తుంది, ముందు నిలబడ్డ మనిషి నీడలా పడతాడు. మొహం కావాలంటే మనిషిని పక్కకు తిప్పండి. ఇంద్రధనుస్సు కావాలంటే మాత్రం సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి, ఎండ ధార మీద పడాలి. తెర వెనక నుంచి బయటి ఎండను చూస్తూ నిలబడితే అది కనపడదు. నడుస్తూ వీడియో తీయకండి. ఆగి తీయండి, ఫోన్ లోపల పెట్టి నడవండి.

తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం మూడింటికల్లా బయల్దేరండి. ములుగు రోడ్డు మీద పొద్దు వాలాక బర్రెలు తారు మీదే పడుకుంటాయి, వానలో హెడ్‌లైట్ వెలుగుకు నల్లటి రోడ్డూ నల్లటి బర్రే ఒకటే. బొగత నుంచి త్వరగా తేలితే పాలంపేటలో రామప్ప గుడి చూసుకుని రావచ్చు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పటి నుంచి ఆదివారాలు రద్దీ బాగా ఉంటుంది. భీముని పాదం నుంచి వచ్చేవాళ్ళకు నర్సంపేట దగ్గర పాకాల చెరువు దారికి దగ్గరే.

లో లెవెల్ కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే బండి ఆపండి. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారును కదిలించగలవు, రెండడుగులైతే పెద్ద బండినైనా తోసేస్తాయి. రోడ్డు కింద మిగిలి ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. ముందు వెళ్ళిన లారీ దాటింది కదా అని దాని వెనక పోకండి. దగ్గరి ఊరికి వెనక్కి వెళ్ళి, ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, నీళ్ళు దిగాక బయల్దేరండి. చిన్న వాగులు చాలావరకు నాలుగైదు గంటల్లో తగ్గుతాయి. ఎగువన ముసురు పట్టి ఉంటే మాత్రం ఆ రాత్రికి ములుగులోనో నర్సంపేటలోనో లాడ్జి చూసుకోవడమే.